మాటకి అర సెంటు

చికాగో. పందొమ్మిది వందల ముప్ఫై, జనవరి.
సిరాబుడ్డి గడ్డకడితే
వేడినీళ్ళ గొట్టం మీద పెట్టి కరిగిస్తున్నాను.

నా పని బుడగల్లో అక్షరాలు రాయడం.
బొమ్మలు క్రేయ్‌చీవి. కథ ఎవరో టిబెట్స్‌ది.
టొలీడోలో పళ్ళ డాక్టరట,
రాత్రిళ్ళు శనిగ్రహం దాకా వెళ్ళొస్తాడట.

ఆ కథ అచ్చయిన పత్రిక నా బల్ల మీదుంది.
పైన పటారం: ఎర్రటి ఆకాశం, ఇత్తడి శిరస్త్రాణం.
లోపల కట్టె ఉడకబెట్టి తీసిన గుజ్జు కాగితం.
పేజీ తిప్పితే వేళ్ళకి పొట్టు రాలుతుంది,
మా నాన్న రంపపు మిల్లు నించి తెచ్చుకున్న దగ్గులాగ.

మాటకి అర సెంటు ఇచ్చారట.
అందుకే అతని రాకెట్టు ఊరికే లేవదు.
ఉరుముతూ, గర్జిస్తూ, నేలని తన్నుతూ,
నిప్పుల తోక ఈడ్చుకుంటూ లేస్తుంది.
లెక్కేశాను: ఆ ఒక్క వాక్యానికి ఒక కాఫీ, ఒక బన్ను.
తప్పుపట్టను. ఆకలికి విశేషణాలెక్కువ.

ఇప్పుడు సిండికేటు కొనుక్కుంది.
రోజుకి నాలుగు గళ్ళు, గడికి పన్నెండు మాటలు.
లండ్‌గ్రెన్ నీలం పెన్సిలుతో నా భుజం దగ్గర నిలబడతాడు.
"ఉరుము తీసెయ్, మిస్ వావ్రా. గర్జన తీసెయ్.
బొమ్మలో ఉందిగా."
ఉంది. క్రేయ్‌చీ గీసిన నాలుగు గీతల్లో
కాఫీ, బన్నూ రెండూ ఇమిడాయి.

ఒక్కచోట చెయ్యి ఆగింది.
మనిషి శని వలయం మీద దిగుతాడు.
ఒకటిన్నర పేజీ, ఒట్టి నిశ్శబ్దం గురించి.
అది డబ్బు కోసం రాసినట్టు లేదు.
పన్ను పీకించుకున్నవాడు
నాలికతో పదేపదే తడుముకునే ఖాళీలాంటిదట
అక్కడి చప్పుడు లేనితనం.

లండ్‌గ్రెన్ అడ్డంగా కొట్టేశాడు.
నేను క్రేయ్‌చీ వైపు చూశాను.
అతనేం అనలేదు. పెద్ద బ్రష్షు తీసి
గడి మొత్తం నల్లగా పూసి
మూలన గోరంత మనిషిని వదిలేశాడు.
బుడగ లేదు.
ఆ గడికి నాకు కూలీ లేదు.

బుధవారం పేపర్లో వచ్చింది.
గురువారం హాల్‌స్టెడ్ వీధిలో చేపలావిడ
దాన్లోనే హెర్రింగులు చుట్టిచ్చింది.
ఇంటికెళ్ళి విప్పితే, తడికి సిరా దిగి
చేప పొట్ట మీద నల్లటి చదరం,
మూలన తెల్లగా ఓ చుక్క.

కడగబోయి ఆగాను.
టొలీడోకి ఉత్తరం రాద్దామనుకున్నాను.
కాగితం తీశాను, బుడ్డి మళ్ళీ గడ్డకట్టింది.
కరిగేదాకా కూర్చున్నాను.
నాలిక మాత్రం దానంతటదే వెళ్ళి
వెనక దవడలో పన్ను లేని చోట ఆగింది.