ఎల్లిగడ్డ

తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు
మూడో అంతస్తులో లిఫ్టు దగ్గుతుంది.
మొగులమ్మ వచ్చిందన్నమాట.
బోరబండలో రైలెక్కి చందానగర్‌లో దిగి
పట్టాల పక్క బురదంటిన చెప్పులు
గడప బయటే వదిలి
మోచేతుల దాకా సబ్బు రుద్దుకునే వరకు
మా బిడ్డ వైపు కన్నెత్తి చూడదు.

మా అమ్మకు సెలవు దొరకలేదు.
ఆర్టీసీలో కండక్టరు, జాతర స్పెషళ్ల నెల.
టిక్కెట్ల మిషను చప్పుడు మధ్య
"కుట్లు మానుతున్నయా?" అని అడుగుతుంది,
నా జవాబు చేరేలోపే ఎవరో చిల్లర అడుగుతారు.
అత్తయ్య మోకాలి ఆపరేషనై మంచం మీద.
అందుకని రోజుకు తొమ్మిది వందలకు
పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఆరు దాకా
నాకొక మనిషి.

మొదటి రోజు ఆమె అన్నది ఒక్కటే:
"బిడ్డ నా కాడుంటది. నువ్వు పండుకో."
పడుకున్నాను, నిద్ర పట్టలేదు.
తలుపవతల గిన్నె మూత, ఆమె కడియం, బిడ్డ తుమ్ము.
చప్పుడు చప్పుడుకీ లేచి కూర్చున్నాను
పొట్ట పట్టుకుని.
మూడో రోజు లేచేసరికి ఐదున్నర.
జాకెట్టంతా పాలు.
చెంప మీద దిండు కుట్టు అచ్చు.

బాత్రూంలో పీట మీద కాళ్లు చాపుకుంటుంది.
ఆ రెండు పిక్కల నడుమ పల్లంలో
నా బిడ్డ బోర్లా,
ఏడుపు మరిచిపోయి.
"నీ కాన్పులకు నీళ్లెవరు పోశారు?" అన్నాను ఒకసారి.
"నీళ్లు సల్లారుతున్నయ్, తువ్వాల పట్టు" అంది.

సాంబ్రాణి పొగకు కారిడార్‌లో అలారం మోగి
వాచ్‌మన్ ఆయాసపడుతూ పైకొచ్చాడు.
"ఏంది, నీకు గూడ పట్టాల్నా?" అంది
ధూపం మూకుడు అతని వైపు జరిపి.

పదకొండో రోజు ఏడ్చాను.
కారణం లేదు. ఉన్నా నాకు తెలియదు.
బిడ్డ నిద్రపోతోంది, అన్నం వేడిగా ఉంది,
ఫ్యాను తిరుగుతోంది, నేను ఏడుస్తున్నాను.
మొగులమ్మ ఎందుకని అడగలేదు.
పళ్లెంలో ఎల్లిగడ్డలు పోసి నా ముందుకు నెట్టింది.
కారంలోకి వలుస్తున్నాం ఇద్దరం,
పొట్టు చీర మీద రాలుతోంది.
సగం పళ్లెం అయ్యాక అంది:
"ఎల్లిగడ్డకు కండ్లల్ల నీళ్లు రావు బిడ్డా.
రేపు ఉల్లిగడ్డ తెస్త.
ఎవలన్న అడిగితె చెప్పనీకి ఉంటది."

ఐదూ నలభైకి ఆమె గోడ గడియారం చూడడం మొదలెడుతుంది.
నేను ఆమెను చూడడం మొదలెడతాను.
ఆరు తర్వాత రాత్రి మాది:
నరహరి, నేను, ఒక అరుపు.
పన్నెండున్నరకు ఒకరి మొహం ఒకరం చూసుకుని
మొగులమ్మైతే ఏం చేసేదని
గుసగుసగా, పరీక్ష హాల్లో పిల్లల్లా.

ఆదివారం ఆమె రాదు.
నరహరి లుంగీ పైకి దోపి
పీట మీద కాళ్లు చాపాడు.
జుట్టున్న ఆ పిక్కలు సన్నగా వణుకుతున్నాయి.
"మోచెయ్యి ఒప్పుకుంటె బిడ్డ ఒప్పుకుంటది"
అన్న మాట గుర్తొచ్చి ముందు మోచెయ్యి ముంచాడు.
నీళ్లు పోస్తున్నంతసేపూ
బిడ్డకంటే ఆయనే ఎక్కువ ఊపిరి బిగబట్టాడు.
సోమవారం మొగులమ్మ బిడ్డ మెడ వాసన చూసి
"మడతల్ల సున్నిపిండి మిగిలింది" అంది.
కాసేపాగి, "పర్వాలె.
వచ్చే వారం సక్కగ పోస్తడు."

నలభయ్యో రోజు
లెక్క చూసుకుని, డబ్బు రొంటిన దోపుకుని
హఫీజ్‌పేటలో కవలలట, రేపట్నించి ఆడికి, అంది.
బిడ్డను ముద్దుపెట్టుకోలేదు.
అరికాలు ఒకసారి నొక్కి చూసింది, అంతే,
పండు మాగిందో లేదో చూసినట్టు.

మర్నాడు తొమ్మిదికి ఐదు నిమిషాల ముందు
లిఫ్టు దగ్గింది.
బిడ్డతో సహా తలుపు దాకా వెళ్లాను.
ఎదురింటికి గ్యాసు బండ.

వంటింటి కిటికీలో
ఆమె తెచ్చిన ఉల్లిగడ్డ అలాగే ఉంది.
ఎవరూ అడగలేదు.
వేలెడు పచ్చగా మొలకొచ్చింది.