నీడ పాఠం

నాలుగో తరగతి పుస్తకం డెన్మార్క్ నుంచి ఓడలో వచ్చింది:
"మిట్టమధ్యాహ్నం బయట నిలబడి
మీ నీడ పొడవు కొలవండి."

ఉమ్మన్నాక్‌లో ఇది డిసెంబరు.
పన్నెండింటికి కిటికీ నిండా సిరా.
సూర్యుడు పోయి నెల దాటింది.

అర్నాంగువాక్ టీచరు లైట్లు ఆర్పి
టార్చి వేసింది.
నారింజపండు భూమి,
తొడిమ పక్కన గుచ్చిన అగ్గిపుల్ల మన ఊరు.
కాస్త వాల్చి పట్టుకుని తిప్పింది, మళ్లీ తిప్పింది;
పుల్ల వెలుగులోకి రానే రాలేదు.

చీమిడి తుడుచుకుంటూ ఉల్లోరియాక్ అడిగాడు:
"అయితే ఇప్పుడు మనం
ఎవరి నీడలో ఉన్నాం?"

ఆమె పండుకేసి చూసింది.
పుస్తకంలో గడి ఖాళీగా ఉంది,
సెంటీమీటర్లలో రాయాలి.
వాడు రాశాడు: "స్కేలు చాలదు."

గంట కొట్టాక భూమిని ఒలిచి పంచుకున్నారు.
ఊరున్న తొన కోసం
ఇద్దరు కొట్టుకున్నారు.