బానెట్ ముందు రెండు బారలు

చర్చి హాల్లో నేల మీద పటం పరిచారు,
మా పేట పటం, దుప్పటంత.
మూలలు లేవకుండా నాలుగు ఇటుకలు పెట్టారు.
ఆ ఇటుకలు నేను తోలినవే.

బొగొటా దక్షిణపు కొండల్లో మాది చివరి పేట.
పైన బట్టీలు, కింద బడి,
మధ్యలో ఒకటే దారి.
పొద్దున ఆరున్నరకి మంచులో పిల్లలు దిగుతారు,
కొందరు నడిచి, కొందరు అన్నల సైకిళ్ల మీద.
అదే ఆరున్నరకి నేనూ దిగుతాను
ఎనిమిది టన్నులతో.

మున్సిపాలిటీ ఇంజినీరమ్మ మరీసా
పెద్దవాళ్లని గోడ వారకి జరగమంది.
పిల్లల చేతికి చొక్కా గుండీలంత కాగితపు చుక్కలిచ్చింది:
ఎరుపు భయానికి, ఆకుపచ్చ ఇష్టానికి.

ఆకుపచ్చ ఒకటి రొట్టెల కొట్టు దగ్గర పడింది, వాసనకట.
ఒకటి దోన్యా ఎర్సీలియా కిటికీ కింద,
ఆవిడ చిలక పేరు పెట్టి పిలుస్తుందట.
ఎరుపు ఒక కుక్కకి,
కరిచేది కాదు, సైకిలు వెంటపడేది.
ఎరుపు ఒక మురుగు గుంటకి,
వానొస్తే దాని మూత కొట్టుకుపోతుంది.
మమ్మల్నడిగితే వీధి దీపాలు అడిగేవాళ్లం,
అడిగి ఇంటికి పోయేవాళ్లం.

తర్వాత ఒక్కొక్కరే వచ్చి
ఒకే మలుపు మీద ఎరుపు అంటించారు.
చోటు చాలక ఒకదాని మీద ఒకటి,
వేలికి తగిలేంత ఎత్తుగా, దద్దురులా.
"ఇక్కడేముంది?" అంది మరీసా.
"నీలం లారీ" అన్నాడు ఎల్కిన్, ఏడేళ్లుంటాయి.
"అది మమ్మల్ని చూడదు."

చూడదు అన్నాడు.
చూడడు అనలేదు.

టోపీ ఒళ్లో పెట్టుకుని మడిచాను, విప్పాను, మళ్లీ మడిచాను.
పదకొండేళ్లుగా బండికి ఒక్క గీత పడనివ్వలేదని
అందరికీ చెప్పుకు తిరిగినవాణ్ణి.
కాఫీలు ఇచ్చేవేళకి గాని కాళ్లు లేవలేదు.
"ఆ లారీ నాది.
వాడు చెప్పింది నిజం."

శనివారం ఆ మలుపులోనే బండి నిలిపి
తాళంచెవి మరీసా చేతిలో పెట్టాను.
నా సీట్లోకి ఒక్కొక్కరినీ ఎక్కించాం, ముందు తల్లుల్ని.
బానెట్ ముందు ఎల్కిన్, సైకిలుతో సహా.
అద్దంలోంచి కొండ కనిపిస్తోంది, చర్చి శిలువ కనిపిస్తోంది,
తీగ మీద ఆరేసిన ఎవరివో మేజోళ్లు కూడా.
ఎల్కిన్ లేడు.
ఒకడుగు వెనక్కి. లేడు.
ఇంకో అడుగు. లేడు.
రెండు బారల అవతల
ఒక టోపీ అంచు మొలిచింది.
వాళ్లమ్మ నా స్టీరింగు పట్టుకుని
కాసేపు దిగలేదు.

బండి ముక్కు దగ్గరొక గీత, టోపీ దగ్గరొక గీత
సుద్దతో గీసింది మరీసా.
ఇప్పుడవి తెల్లరంగు.
మలుపుని దాచే గోడ ఎర్సీలియాది,
కొట్టేసుకోండి అంది, చిలకని వంటింట్లోకి మార్చి.
ఆ గోడ ఇటుకలే సైకిళ్ల బాటకి పరిచారు.
మురుగు మూత ఇంకా రాలేదు. అడుగుతున్నారు.
కుక్క సంగతి ఎవరికీ తేలలేదు.

బట్టీ యజమాని మాత్రం
మొదటి ట్రిప్పు ఏడున్నరకి మార్చనని మూడు నెలలు బిగుసుకున్నాడు.
డ్రైవర్లం తొమ్మిదిమందిమి వేలిముద్రలేశాం, సంతకాలు చేశాం.
చివరికి సరేనని
రోజుకొక ట్రిప్పు కూలి కోశాడు.
ఇంట్లో దాని మీద మాటామాటా వచ్చింది, దాచను.

ఆరున్నరకిప్పుడు బట్టీ దగ్గర
కాఫీ గ్లాసుతో కూర్చుంటాను.
మంచు కిందెక్కడో సైకిలు గంటలు.

నిన్న దిగుతుంటే
ఆలస్యమైన ఇద్దరు, అక్కా తమ్ముడు, గీత దగ్గర నిలబడ్డారు.
నా గీత దగ్గర నేనూ ఆపాను.
కిటికీ దించి ఉంది.
ఆ పిల్ల తలెత్తి అద్దంలోకి చూసింది,
తమ్ముడి చెయ్యి లాగింది:
"ఆగాడు, పద."