చేదు దాచుకోనిది

తరమణిలో ఏడున్నరకే ఉక్క.
రెండో అంతస్తులో మాత్రం ఇరవై రెండు డిగ్రీలు.
ఎలుకలకు ఏసీ, మాకు వరండాలో ఫ్యాను.

మునిరత్నం తోకల మీద పసుపు గీతలు పెడుతున్నాడు.
గుమ్మిడిపూండి మనిషి. లోకంతో అరవం,
ఎలుకలతో తెలుగు:
"ఉండవే, ఉండు. అయిపొయ్యింది."

నోట్లోకి గొట్టం. కిలోకి పది మిల్లీగ్రాములు.
అక్కణ్ణించి గడియారం నాది.
పావుగంటకో బొట్టు నెత్తురు, తోకనించి.
బొట్టులో మందెంత మిగిలిందో
పక్కగదిలో యంత్రం రాత్రంతా గొణుగుతుంది.

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు.
మేం ఎలుకను తవ్వుతున్నాం
కొండంత మనిషి దొరుకుతాడేమోనని.

పదిహేడో నంబరు, మధ్యాహ్నం రెండింటికి.
మత్తులో ఉంది. పొట్ట తెరిస్తే
అరచేతిలో సగం లేని లివరు,
తడి ఇటుక రంగు, వెచ్చగా.
సిరలోకి సెలైన్ వదిలాను.
ఎరుపు అంచులదాకా జరిగి జరిగి
చివరికి నానిన మట్టి మిగిలింది.

ఎలుకకు పిత్తాశయం ఉండదు.
చేదును ఎక్కడా దాచుకోదు,
ఊరింది ఊరినట్టే పేగులోకి వదిలేస్తుంది.
మొదటి ఏడు నాకది తెలీక
అరగంట వెతికి, నేనే తెంపేశాననుకుని
ఏడుపు మొహంతో సారు దగ్గరికి పోయాను.

ఆదివారం వేళచ్చేరి మటన్ కొట్లో ఈరల్ అని అడుగుతాను.
ఇంట్లో అది కార్జం. థీసిస్‌లో కాలేయం.
మూడు పేర్లూ ఒక్కసారే గుర్తొచ్చిన రోజు
ముద్ద దిగదు.

నలభై నిమిషాలకు మందు మాయం.
శభాష్ అన్నారు సారు.
ఆగస్టులో మనిషి కణాల మీద అదే మందు పోస్తే
ఆరు గంటలైనా కదల్లేదు,
అద్దె కట్టకుండా కూర్చున్నవాడిలా.
ఫైలు మూసేశారు.

"మందు బయటికొస్తాదా పాపా?"
"రాదన్నా. మనిషి లివరు దారి వేరు."
సీసాలు కడుగుతున్నాడు.
"అది ముందే తెలిసుంటే..." అంటూ
కుళాయి పెద్దది చేశాడు.
మిగతాది వినపడలేదు.

ఆ రాత్రి తలనొప్పికి మాత్ర వేసుకున్నాను.
కుడి పక్కటెముకల కింద చెయ్యి పెట్టుకుని
గోడ గడియారం చూస్తూ పడుకున్నాను.
దీని లెక్క ఎప్పుడో ఎవరో కట్టి ఉంటారు.
ఏ ఊళ్ళోనో, ఎన్ని తోకల మీదో
పసుపు గీతలు.
"ఉండవే, ఉండు" అన్నవాళ్ళు
అక్కడున్నారో లేదో.