కంకర బాటకు అంచు

కంకరకు ఒకచోట కాలు నిలవదు.
తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను:
గుమ్మం ముందు పోసింది పచ్చికలోకి పాకింది,
పచ్చికలోంచి గడ్డికోత మిషను నోట్లోకి పోయింది,
అక్కణ్ణించి ఒక రాయి, పోయిన జూన్‌లో,
పక్కింటి మిసెస్ ప్రోసర్ అద్దాల గదిలోకి, కిటికీ గుండానే.

"ఇక అంచు కట్టాల్సిందే" అన్నాడు గెథిన్.
ముప్ఫై ఒక్కేళ్ళు రైల్వే సిగ్నల్ కేబిన్‌లో కూర్చున్న మనిషి.
అతని లెక్కలో లోకానికి రెండు పట్టాలు చాలు,
వాటి మధ్య దూరం మారకుండా ఉంటే.

డోవీ వంతెన దాటి వచ్చిన లారీ
నలభై రెండు కాంక్రీటు పలకలు దించి పోయింది.
ఒక్కోటి మూడడుగులు. పట్టుకుంటే నడుం పలుకుతుంది.
రసీదు మీద సంతకం పెడుతుండగా వాన మొదలైంది.
నిజానికి వేల్స్‌లో వాన మొదలవడమంటూ ఉండదు,
అప్పుడప్పుడూ ఆగడమే ఉంటుంది.

మేకులు దిగ్గొట్టాం. దారం లాగాం,
నా స్వెటరు అల్లికలో మిగిలిన ఆకుపచ్చ ఉన్ని.
పలక నెత్తిన రసమట్టం పెట్టి
గాలిబుడగ నడిమికొచ్చేదాకా అతను ఊపిరి తీయడు.
వాలు వైపు జానెడు పైకి నిలిపాడు, ఒక్క రాయీ జారకుండా.
నేను మాలు కలిపాను:
ఇసుక నాలుగు పాళ్ళు, సిమెంటు ఒకటి,
నీళ్ళు మాత్రం వాన పోసింది పోను.

పియర్ చెట్టు దగ్గర పేచీ వచ్చింది.
దారం తిన్నగా పోతే వేరు తెగుతుంది.
"తెగనీ" అన్నాడు.
"పెళ్ళైనప్పటినుంచీ నేనే వంగుతున్నాను,
ఈసారికి బాట వంగుతుంది" అన్నాను.
"కాంక్రీటు వంగదు, ఎలునెద్."
అది మాత్రం నిజమే.
టీ చల్లారిపోయింది. ఇద్దరం చెరో వైపు చూశాం.

కాసేపటికి షెడ్డులో రంపం కీచుమంది.
తెల్లటి దుమ్ము పూసుకుని బయటికొచ్చాడు,
కనుబొమలు కూడా ముసలైపోయి.
చేతి బండిలో అరచేతి వెడల్పు ముక్కలు, తొమ్మిది.

ఒక్కటీ వంగలేదు.
ప్రతి ముక్కా తన మొండితనం తను పట్టుకునే ఉండి
పక్కదాని వైపు
కాస్త మొహం తిప్పింది, అంతే.
మిసెస్ ప్రోసర్ కంచె మీంచి తొంగి చూసి
"ఎంత చక్కగా మళ్ళిందో!" అంది.
దగ్గరికొచ్చి చూడమని ఇద్దరమూ పిలవలేదు.

అక్టోబరంతా కంకర బుద్ధిగా ఉంది.
నవంబరు, డిసెంబరు, జనవరి.
నడిస్తే కరకర, రెండు అంచుల మధ్యనే కరకర.
గెథిన్ రోజూ పొద్దున్నే ఆ చివరికి వెళ్ళి,
ఏ పనీ లేకుండా, తిరిగొచ్చేవాడు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి, కొంచెం వెచ్చబడ్డ వాన.
చెత్తడబ్బా బయట పెట్టబోయి టార్చి వేశాను.
బోదురుకప్పలు.
ఏటా ఇదే వారంలో మిసెస్ ప్రోసర్ కుంటకు పోయేవి,
మేం ఈ ఇంటికి రాకముందు నుంచీ, బహుశా ఇల్లే లేనప్పటి నుంచీ.
ఇప్పుడు అంచు పొడవునా బారు తీరి ఉన్నాయి.
ఒకటి ముందుకాళ్ళు ఆనించి లేచింది, జారింది,
మళ్ళీ లేచింది.
దాని వీపున మగది, ఏమీ పట్టనట్టు.

పిలిచాను.
పైజమా మీద రెయిన్‌కోటు తొడుక్కుని వచ్చాడు,
చాలాసేపు నిలబడ్డాడు.
ఒక మాట లేదు. లోపలికి పోయాడు,
సుత్తి, ఉలి పట్టుకొచ్చాడు.
రాత్రి రెండు గంటలప్పుడు, ఊరంతా నిద్రలో,
అన్నిట్లోకీ తిన్నగా కుదిరిన పలకను,
తను చెయ్యి వేసి నిమిరే పలకను,
మాలు పగలగొట్టి పెకలించాడు.
వెనక్కి జరిగి, టార్చి కిందికి దించి,
గొంతులోనే అన్నాడు, "లైన్ క్లియర్."

ఆ సందులోంచి కంకర కారుతూనే ఉంటుంది.
శనివారం శనివారం చేట పట్టుకుని
మోకాళ్ళ మీద కూర్చుని ఎత్తి పోస్తాడు,
కప్పల్ని వెల్ష్‌లో, కంకరను ఇంగ్లీషులో తిడుతూ.
పెకలించిన పలక షెడ్డు గోడకు ఆనించే ఉంది.
దాని మీద ఇప్పుడు
నా తోటపని బూట్లు ఆరబెడుతున్నాను.