ఎండిపోయిన ఆవు పాలు

యాదమరి నుంచి మొదటి బస్సుకే వచ్చింది దేశమ్మ.
పాసుబుక్కు బల్లమీద పెట్టి
"మా ఆవు ఎండిపోయి నెలా పదైదు దినాలైండాది పాపా,
పొద్దన నాలుగు లీటర్లు, మాపుసారి మూడున్నర అని రాసుండారే,
యాడ్నించి వచ్చినాయి ఈ పాలు?" అనింది.

తక్కువ పడిందని వచ్చేవాళ్ళే గానీ
ఎక్కువ పడిందని వచ్చిన మనిషిని
ఇరవై రెండేళ్ళ సర్వీసులో చూడలేదట చెంగల్రాయులు.
టీ తెప్పించాడు.

కేబుళ్ళు మార్చాను. డిస్కు మార్చాను.
ఢిల్లీబాబు సారు ఎలుకలన్నాడు, కరెంటన్నాడు,
మూడో రోజుకు నన్నే అన్నాడు.

నాలుగో రాత్రి
తోతాపురి కాయల లారీలు రోడ్డు పొడుగునా
వాసన ఒలకబోసుకుంటూ పోతున్నప్పుడు తట్టింది:
పోయిన నెలే కదా సర్వరుకు మెమొరీ పెంచాం,
నాలుగు జీబీ ఇంటి మీద
ఇంకో నాలుగు జీబీ మేడ వేశాం.

డిస్కు కంట్రోలర్ని అడిగితే
అరవై నాలుగు బిట్ల చిరునామా చదవగలనంటుంది.
రిజిస్టరులో గట్టిగా రాసుకునుంది.
చదవలేదు.
ముప్పై రెండు దాటగానే పై అంకెలు రాలిపోతాయి,
మిగిలిందే పూర్తి చిరునామా అనుకుని
కింది ఇంటి తలుపు తడుతుంది,
అక్కడేది దొరికితే అది తెచ్చి
పైవాళ్ళదని డిస్కులో రాసేస్తుంది.

దాన్ని తిట్టబోయి ఆగాను.
గ్రీంసుపేటలో మా పోస్ట్‌మ్యాన్ షేకావలి
మోకాళ్ళు అరిగిన సంగతి ఆఫీసులో చెప్పలేదు,
చెబితే బీటు తీసేస్తారని.
మేడమీది ఉత్తరాలు కింది వాటాలో పడేసి పోయేవాడు.
సుగుణ ఇంటర్వ్యూ కాగితం
పప్పు డబ్బాల కింద పరుపై దొరికింది, తేదీ దాటాక.
అయినా ఎవరూ ఆయన మీద అర్జీ పెట్టలేదు.
మెట్ల కింద ఒక రేకు డబ్బా కట్టాం.
ఆయన అందులో వేస్తాడు,
పైకి నేను మోస్తాను.

డ్రైవరులో ఒక్క వరస రాశాను:
ఈ చిప్పు ఏం చెప్పినా సరే, దీనికి ముప్పై రెండే.
కింది మెమొరీలో కాస్త చోటు తీసిపెట్టాను, రేకు డబ్బా అంత.
అది అక్కడ దించుతుంది, ప్రాసెసర్ మేడెక్కిస్తుంది.
ఒక్కసారి ఎత్తాల్సిన బరువును రెండుసార్లు.

"నూటికి నాలుగు పాళ్ళు నెమ్మదించింది,
చిప్పునే బాగుచెయ్యలేవా?" అన్నాడు ఢిల్లీబాబు.
కాలిన కుండకు సొట్ట ఎట్లా తీస్తాం సారూ,
సొట్ట వైపు గోడకు తిప్పి పెట్టుకుంటాం.

అందరినీ కట్టెయ్యలేదు. రివిజన్ బీ ఒక్కదాన్నే.
దాని తర్వాత పుట్టిన సీ నిజంగానే మెట్లెక్కుతుంది.

తప్పిన లెక్కలు రెండువందల పదకొండు,
చేత్తో సరిచేశాం, చెంగల్రాయులు చదువుతుంటే నేను కొట్టాను.
దేశమ్మ పేర పడ్డ పాలు గుడిపాల మునిరత్నానివి.
ఆయన అడగలేదు.
డబ్బు తగ్గితే వెన్న తగ్గిందనుకుని
ఆవును సంతలో అమ్మేశాడట.
డబ్బు తిరిగి వేశాం.

ఆ వరస పైన, రేపు చదివేవాళ్ళ కోసం
కారణం రాయాలి కదా.
ఒక ఆవు ఎండిందనీ ఒక ఆవు పోయిందనీ రాసి, కొట్టేసి,
"రివిజన్ బీ: అరవై నాలుగంటుంది, నమ్మొద్దు" అని
తేదీ వేసి వదిలేశాను.

ఆషాఢంలో దేశమ్మ ఆవు ఈనింది.
కేంద్రానికి ఆమె పాలు తెచ్చిన తొలి మాపటివేళ
రెండు లీటర్ల ముప్పావు.
ఆమె పేరు పక్కనే పడిందా లేదా అని
ఆఫీసు మూసినాక కూడా ఒక్కదాన్నే కూర్చుని
మళ్ళీ మళ్ళీ తెరిచి చూశాను.