సగం బెల్లం

సారూ, మళ్ల నేనే.
అల్లెపు ఐలవ్వను.
పోయిన నెల మీరు లేరు. అంతకు ముందటి నెల
కరెంటు లేదు, కంపూటరు తెరుసుకోలే.
ఇయ్యాల రెండూ ఉన్నయి.
బస్సుల ఆధార్ కార్డు చూపెట్టి పుక్కట్లనే వచ్చిన.
ఇప్పటిదాక నాకు ముట్టిన పరిహారం గదొక్కటే.

కాయిదాలన్నీ తెచ్చిన.
ఇది ఎక్స్‌రే. కిటికీ దిక్కు పట్టి సూడుండ్రి,
పక్కటెముకల నడుమ
ఎవరో జొన్నపిండి జల్లినట్టు కనబడుతది.
కరీంనగర్ల టీబీ అన్నరు.
తొమ్మిది నెలలు గోలీలు మింగిండు,
ఉచ్చ సుతం ఎర్రగ వచ్చింది, దగ్గు మాత్రం పోలే.
వరంగల్ ఎంజీఎంల ఒక చిన్న డాక్టరమ్మ
ఫిలిం దిక్కు చానసేపు సూసి
"ఏం పని చేసేటోడివి పెద్దయ్యా?" అన్నది.
ఏడేండ్ల దగ్గుల
ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమెనే.

గుట్టకు బొక్కలు కొట్టుడు, బిడ్డా, అన్నడు.
డ్రిల్లు మిషను పొట్టకు ఆనిచ్చుకొని
పొద్దు పొడిచిందంటె పొద్దు మీకేదాక.
రాత్రి పండుకున్నంక సుతం
చేతులు మంచం పట్టెల మీద వణికేటియి.

నీళ్లు పోసుకుంట కొట్టాలట కద సారూ, దుమ్ము లేవకుంట.
ట్యాంకరుకు పైసలు దండుగ అనిరి.
నా పాత చీర కొంగు చింపి ముక్కుకు కట్టుకునేటోడు.
అంగీ నానబెడితె బకెట్ల నీళ్లు
గోడకు పూసే సున్నం లెక్క అయ్యేటియి.
అడుగున పేరుకున్న పొడిని పారబోయక
గిన్నెలు తోముకున్న నేను.
తళతళ మెరిసేటియి.
మాకేం ఎరుక.

పొద్దుమూకి మేస్త్రి అందర్నీ వరుసల నిలబెట్టి
మనిషికొక బెల్లం ముక్క పెట్టేటోడు.
చప్పరిస్తె దుమ్మంత కడుపులకు జారుతది,
ఛాతిల నిలువదు అని.
మా ఆయన సగం కొరికి
సగం జేబుల దాసి పిల్లగానికి తెచ్చేటోడు.
వాడు గుడిసె ముంగట ఎదురుసూసేటోడు,
జేబు తిరగేసి, రాళ్లపొడి ఊది, తినేటోడు.

రాత్రిపూట నిద్ర పట్టక లెక్క కడుత సారూ,
పదహారేండ్లు సగం బెల్లమే తిన్నడు గద,
అందుకేనా?
ఆ రెండో సగం నా కొడుకు తినకుంటె...

తప్పు లెక్క అని డాక్టరమ్మ చెప్పింది.
అయినా కడుత.

మీరు అడిగినయన్నీ యాదికున్నయి.
హాజరు పట్టీల పేరు? లేదు.
పీఎఫ్ చీటీ? దాని రంగే నేను సూడలే.
తోటి పనోల్ల సాక్ష్యమా?
దండుగుల మొగిలి పోయిన ఎండకాలం పోయిండు,
శివరాత్రి సాంబయ్య అంతకు ముందే.
ఓర్సు ఎల్లయ్య ఉన్నడు గని
రెండు మాటలకు ఆయిల్ ఇంజను లెక్క రొప్పుతడు.
తలకాయ ఊపితె సాక్ష్యం కింద రాసుకుంటరా?

దినాల నాడు కంపెనీ మనిషి వచ్చిండు.
నలభై వేలు, ఒక తెల్ల కాయిదం.
ఏలుముద్ర ఎయ్యమన్నడు.
కాయిదాన్ని పొయ్యిల పెట్టిన.
ఊరంత మెచ్చుకున్నరు.
మర్నాడు దుకాణంల బియ్యం ఉద్దెర అడుక్కుంట
నలభై వేలకు ఎన్ని సున్నాలో
ఏళ్ల మీద లెక్కవెట్టుకున్న. అది ఎవ్వలకూ చెప్పలే.

సాక్ష్యం కావాలంటిరి కద,
బయట మేం కూసునే బండ ఉన్నది.
అది మా గుట్టదే. గోధుమ రంగు, నల్ల చుక్కలు.
మందల సొంత మేకను పోల్చినట్టు పోలుస్త.
దాని పక్కకు, పొడుగునా, నున్నగ
సగం గొట్టం లెక్క ఒక గీత ఉంటది,
డ్రిల్లు దిగిన జాగ.
ఆయనదో, మొగిలిదో, ఎల్లయ్యదో
రాయి మీద పేరు ఉండదు.
మీరు పిలిచేదాక నా ఏలు దాంట్లనే తిరుగుతది,
ఈ కొసకాన్నుంచి ఆ కొసదాక.
ఒక్కపారి వచ్చి సూస్తరా?
పది అడుగులే.

వచ్చే నెల పద్దెనిమిదా?
మంచిది. వస్త.

ఏం లేదు సారూ,
మీ బల్ల మీద దుమ్ము ఉన్నది, కొంగుతోని తుడుస్తున్న.
జర ముక్కుకు చెయ్యి అడ్డం పెట్టుకోండ్రి.